యూ యాంగ్: ఒలింపిక్ గోల్డ్ గెలిచినా.. జనానికి గుర్తున్నది ఓడిన ఆ మ్యాచే! అసలు లండన్‌లో ఏం జరిగింది?

ఓడిపోవడానికి పోటీ పడిన ఆటగాళ్లను ఎప్పుడైనా చూశారా? గెలవాలని కాదు.. ఎలాగైనా ఓడాలని! 2012 జులై 31 రాత్రి లండన్‌లోని వెంబ్లీ అరీనాలో అదే జరిగింది. అది కూడా ఏ చిన్నా చితకా టోర్నీలోనో కాదు.. సాక్షాత్తూ ఒలింపిక్స్‌లో.

కోర్టుకు ఒకవైపు మహిళల డబుల్స్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ జంట.. చైనాకు చెందిన యూ యాంగ్, వాంగ్ జియావోలి. మరోవైపు దక్షిణ కొరియా జోడీ జంగ్ క్యుంగ్ యున్, కిమ్ హా నా. సర్వీస్ చేస్తే షటిల్ నెట్‌కు తగులుతోంది. రిటర్న్ చేస్తే కోర్టు బయట పడుతోంది. వీధుల్లో ఆడుకునే పిల్లలు కూడా వదలని షాట్లను ప్రపంచ ఛాంపియన్లు వదిలేస్తున్నారు. తొలి గేమ్‌లో అన్నింటికన్నా పెద్ద ర్యాలీ ఎన్ని షాట్లో తెలుసా? కేవలం 4!

డబ్బులు పెట్టి టికెట్లు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. స్టేడియం మొత్తం అరుపులు, గోల. రెఫరీ కోర్టులోకి వచ్చి హెచ్చరించినా తీరు మారలేదు. చివరికి 14-21, 11-21 తేడాతో చైనా జంట ఓడిపోయింది. అంటే.. వాళ్లు కోరుకున్నదే జరిగింది.

మరుసటి రోజు వాళ్లను ఒలింపిక్స్ నుంచి బయటకు పంపేశారు. ఆ రోజు నుంచి ఇప్పటి వరకు యూ యాంగ్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ మ్యాచే. కానీ ఆమె కెరీర్ అంటే అదొక్కటేనా? కాదు. దానికి ముందూ చాలా ఉంది.. తర్వాతా చాలా ఉంది. ముఖ్యంగా నాలుగేళ్ల తర్వాత రియోలో జరిగింది చూస్తే.. సినిమా కథలా అనిపిస్తుంది. ఆ వివరాలేంటో చూద్దాం.

సొంతగడ్డపై స్వర్ణం

యూ యాంగ్ 1986 ఏప్రిల్ 7న ఈశాన్య చైనాలోని లియావోనింగ్ ప్రావిన్స్‌లో పుట్టింది. ఆమె సొంతూరు హైచెంగ్. చైనాలో బ్యాడ్మింటన్ ఎలా ఉంటుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. వేల మంది పిల్లలు.. చిన్న వయసులోనే స్పోర్ట్స్ స్కూళ్లు.. అక్కడి నుంచి ప్రావిన్స్ జట్టు.. ఆ తర్వాత జాతీయ జట్టు. ఒక్కో మెట్టు దగ్గర ఎంతోమంది ఆగిపోతారు. చివరిదాకా మిగిలేది కొద్దిమందే. వాళ్లలో యూ యాంగ్ ఒకరు.

ఇక 2008లో బీజింగ్ ఒలింపిక్స్. అప్పటికి ఆమె వయసు 22 ఏళ్లు. మహిళల డబుల్స్‌లో డు జింగ్‌తో కలిసి బరిలోకి దిగింది. నిజానికి చైనా జంటల్లో టాప్ సీడ్ వీళ్లు కాదు.. యాంగ్ వీ, జాంగ్ జీవెన్ జోడీ. కానీ ఆ జోడీ క్వార్టర్ ఫైనల్లోనే జపాన్ జంట చేతిలో అనూహ్యంగా ఓడింది. ఆతిథ్య దేశం ఆశలన్నీ మిగతా జంటల మీద పడ్డాయి. అలాంటి ఒత్తిడిలో యూ యాంగ్, డు జింగ్ ఫైనల్ చేరారు. అక్కడ దక్షిణ కొరియాకు చెందిన లీ హ్యో జంగ్, లీ క్యుంగ్ వోన్ జోడీని 21-15, 21-13తో చిత్తు చేశారు. సొంత ప్రేక్షకుల ముందు ఒలింపిక్ స్వర్ణం!

అంతటితో ఆగలేదు. అదే ఒలింపిక్స్‌లో హే హాన్‌బిన్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ కాంస్యం గెలిచింది. ఒకే ఒలింపిక్స్‌లో రెండు ఈవెంట్లు.. రెండు పతకాలు. రోజూ రెండు రకాల భాగస్వాములతో, రెండు రకాల వ్యూహాలతో ఆడటం ఎంత కష్టమో డబుల్స్ ఆడేవాళ్లకు బాగా తెలుసు.

డబుల్స్ అంటే ఇద్దరు ఆడే సింగిల్స్ కాదు

యూ యాంగ్ గొప్పతనం అర్థం కావాలంటే డబుల్స్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. మన దగ్గర సైనా, సింధు వల్ల సింగిల్స్ అందరికీ తెలిసింది. డబుల్స్ లెక్క వేరు.

డబుల్స్‌లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారంటే డిఫెన్స్‌లో ఉన్నట్లు. ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారంటే ఎటాక్‌లో ఉన్నట్లు. వెనుక ఉన్నవాళ్లు స్మాష్‌లు కొడుతుంటే.. ముందున్నవాళ్లు నెట్ దగ్గర కాచుకుని, తిరిగొచ్చిన షటిల్‌ను అక్కడికక్కడే ముగిస్తారు. ఒక్క ర్యాలీలోనే ఈ స్థానాలు చాలాసార్లు మారిపోతుంటాయి. "నువ్వు ఇటు జరుగు" అని చెప్పుకునే టైమ్ ఉండదు. పక్కవాళ్లు ఎక్కడున్నారో చూడకుండానే తెలియాలి.

అందుకే ఒక భాగస్వామితో కుదిరిన ఆటగాళ్లకు ఇంకొకరితో కుదరడం అంత ఈజీ కాదు. యూ యాంగ్ ప్రత్యేకత సరిగ్గా ఇక్కడే ఉంది. డు జింగ్‌తో ఒలింపిక్ ఛాంపియన్ అయింది. 2010లో అదే డు జింగ్‌తో పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత తనకంటే మూడేళ్లు చిన్నదైన వాంగ్ జియావోలితో జత కట్టి.. 2011లో లండన్‌లో, 2013లో గ్వాంగ్జౌలో మళ్లీ ప్రపంచ టైటిళ్లు గెలిచింది. మొత్తం మూడు ప్రపంచ టైటిళ్లు. బ్యాడ్మింటన్‌లో అత్యంత పాత, ప్రతిష్ఠాత్మక టోర్నీల్లో ఒకటైన ఆల్ ఇంగ్లండ్‌లో 2010, 2011, 2013, 2014.. మొత్తం నాలుగు మహిళల డబుల్స్ టైటిళ్లు.

యూ యాంగ్, వాంగ్ జియావోలి జోడీ ఫామ్‌లో ఉంటే ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క స్కోరు చాలు. 2011 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌లో జపాన్‌కు చెందిన మిజుకి ఫుజి, రెయికా కకివా జంటపై వాళ్లు గెలిచిన స్కోరు 21-2, 21-9. ఫైనల్ మ్యాచ్‌లో.. తొలి గేమ్‌లో ప్రత్యర్థికి దక్కింది రెండే పాయింట్లు! ఈ జపాన్ జంట పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ వస్తుంది.

మన హైదరాబాద్‌కు కూడా యూ యాంగ్ కొత్త కాదు. 2009లో గచ్చిబౌలిలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డు జింగ్‌తో కలిసి ఆడి కాంస్యం గెలిచింది. ఆ ఏడాది మహిళల డబుల్స్‌లో సెమీస్ చేరిన నాలుగు జంటలూ చైనావే.

లండన్‌లో అసలు సమస్య మొదలైంది సరిగ్గా ఈ బలం వల్లే.

అసలు చిక్కు ఎక్కడొచ్చింది?

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ మొత్తం నాకౌట్ పద్ధతిలో జరిగింది. ఓడితే ఇంటికే. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. నాలుగేళ్లు కష్టపడి ఒలింపిక్స్‌కు వచ్చిన జంట.. అర్ధగంటలో ఓడిపోయి సూట్‌కేసు సర్దుకోవాలి. అందుకే 2012 లండన్ ఒలింపిక్స్‌లో గ్రూప్ దశ తెచ్చారు. దాని వల్ల ప్రతి జంటకూ కనీసం మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి. ఉద్దేశం మంచిదే.

మహిళల డబుల్స్‌లో 16 జంటలు.. 4 గ్రూపులు. ఒక్కో గ్రూప్ నుంచి తొలి రెండు జంటలు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. ఏ గ్రూప్‌లో మొదటి స్థానం వాళ్లు ఎవరితో ఆడాలి, రెండో స్థానం వాళ్లు ఎవరితో ఆడాలి అన్నది ముందే ఫిక్స్ చేసేశారు. చిక్కంతా ఇక్కడే.

చైనా నుంచి రెండు జంటలు బరిలో ఉన్నాయి. గ్రూప్ ఏలో యూ యాంగ్, వాంగ్ జియావోలి. గ్రూప్ డీలో తియాన్ చింగ్, జావో యున్‌లీ. రెండు జంటలూ తమ గ్రూపుల్లో టాప్‌లో నిలిస్తే.. డ్రా ప్రకారం ఒకరికొకరు ఎదురుపడేది ఫైనల్లోనే. అంటే స్వర్ణం, రజతం రెండూ చైనాకే.

కానీ జులై 31న తియాన్ చింగ్, జావో యున్‌లీ జంట తమ చివరి గ్రూప్ మ్యాచ్‌లో డెన్మార్క్‌కు చెందిన కమిల్లా రిట్టర్ యూల్, క్రిస్టినా పెడర్సన్ చేతిలో ఓడిపోయింది. దాంతో గ్రూప్‌లో రెండో స్థానానికి పడిపోయింది. అంతే.. లెక్క మొత్తం తారుమారైంది. ఇప్పుడు యూ యాంగ్ జంట తమ గ్రూప్‌లో టాప్‌లో నిలిస్తే.. ఈ రెండు చైనా జంటలూ డ్రాలో ఒకే వైపు పడతాయి. సెమీస్‌లోనే ఒకరితో ఒకరు ఆడాల్సి వస్తుంది. ఒక జంట ఫైనల్‌కు దూరం కావాల్సిందే.

అదే యూ యాంగ్ జంట ఓడిపోయి రెండో స్థానంలో నిలిస్తే? అటువైపు వెళ్లిపోవచ్చు. అప్పటికే యూ యాంగ్ జంట, కొరియా జంట రెండూ క్వార్టర్స్‌కు అర్హత సాధించేశాయి. ఓడినా పోయేదేమీ లేదు. పైగా లాభం! ఇటు కొరియా జంట కూడా టాప్ స్థానం వద్దనుకుంది. ఫలితం.. ఇద్దరూ ఓడాలనే ఆడారు.

అదే రాత్రి ఇంకో మ్యాచ్‌లోనూ ఇదే తంతు. గ్రూప్ సీలో కొరియాకు చెందిన హా జంగ్ యున్, కిమ్ మిన్ జంగ్ జంట.. ఇండోనేషియాకు చెందిన గ్రేసియా పోలీ, మెలియానా జౌహరి జంటతో తలపడింది. ఆ మ్యాచ్‌లో గెలిచినవాళ్లు క్వార్టర్స్‌లో ఎవరితో ఆడాలో తెలుసా? కావాలని ఓడి రెండో స్థానానికి వచ్చిన యూ యాంగ్ జంటతోనే! దాంతో వీళ్లూ గెలుపు వద్దనుకున్నారు. రెఫరీ థోర్‌స్టెన్ బెర్గ్ బ్లాక్ కార్డు చూపించి, ఆ తర్వాత వెనక్కి తీసుకుని మ్యాచ్ కొనసాగించాల్సి వచ్చింది. ఒకచోట మొదలైన అబద్ధపు ఆట ఇంకోచోటికి ఎలా పాకుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

8 మంది అవుట్.. కన్నీటి వీడ్కోలు

ఆగస్టు 1న ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య విచారణ జరిపింది. ఆటగాళ్ల నియమావళిలో రెండు నిబంధనలు ఉల్లంఘించారని తేల్చింది. ఒకటి.. మ్యాచ్ గెలవడానికి శక్తి మేరకు ప్రయత్నించకపోవడం. రెండోది.. ఆటకు చెడ్డపేరు తెచ్చేలా ప్రవర్తించడం. నాలుగు జంటలు, మొత్తం 8 మందిపై వేటు పడింది. కొరియా అప్పీల్ చేసినా ఫలితం దక్కలేదు. ఇండోనేషియా తన అప్పీల్‌ను వెనక్కి తీసుకుంది.

మ్యాచ్ అయ్యాక యూ యాంగ్ చెప్పిన మాట ఏంటంటే.. క్వార్టర్స్‌కు ఎలాగూ చేరాం కాబట్టి, నాకౌట్ మ్యాచ్‌ల కోసం శక్తి దాచుకున్నామని. ఆ వివరణను ఎవరూ నమ్మలేదు. వేటు పడ్డాక ఆమె సోషల్ మీడియాలో పోస్టు పెట్టింది. ఇదే తన చివరి టోర్నీ అని, ప్రాణంగా ప్రేమించిన బ్యాడ్మింటన్‌కు ఇక సెలవని రాసింది. తమ కలను చిదిమేశారని ఆవేదన వెళ్లగక్కింది. అప్పటికి ఆమె వయసు 26 ఏళ్లు.

చైనా చీఫ్ కోచ్ లీ యోంగ్‌బో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కానీ ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఈ ప్లాన్ ఇద్దరు అమ్మాయిలు సొంతంగా వేసుకున్నదేనా? ఈ అనుమానం ఊరికే రాలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మహిళల సింగిల్స్ సెమీస్‌లో ఇద్దరు చైనా ప్లేయర్లు తలపడ్డారు. ఫైనల్లో గెలిచే అవకాశం జాంగ్ నింగ్‌కే ఎక్కువని భావించి, జౌ మీని గట్టిగా ఆడొద్దని చెప్పినట్లు లీ యోంగ్‌బోనే తర్వాత ఓ టీవీ ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. జట్టులో ఎవరు ఎవరితో ఆడాలో, ఏ టోర్నీకి ఎవరు వెళ్లాలో కోచ్‌లే తేల్చే వ్యవస్థ అది. అలాంటి చోట ఆటగాళ్లకు 'నో' చెప్పే స్వేచ్ఛ ఎంత ఉంటుందన్నది ఆలోచించాల్సిన విషయమే.

అలాగని యూ యాంగ్ తప్పు లేదని కాదు. రాకెట్ ఆమె చేతిలోనే ఉంది. షటిల్‌ను నెట్‌లోకి కొట్టింది ఆమే. కానీ ఒలింపిక్స్‌లో వేటు పడింది మాత్రం ఆటగాళ్లపైనే. ఓడితే లాభం వచ్చేలా డ్రా తయారు చేసినవాళ్లకు ఏ శిక్షా పడలేదు.

మధ్యలో నలిగింది మన జ్వాల, అశ్విని

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. అదే ఒలింపిక్స్‌లో గ్రూప్ బీలో హైదరాబాదీ స్టార్ గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ఆడారు. ఏడాది ముందు ఇదే వెంబ్లీ అరీనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వీళ్లు కాంస్యం గెలిచి చరిత్ర సృష్టించారు. యూ యాంగ్, వాంగ్ జియావోలి స్వర్ణం గెలిచిన టోర్నీ కూడా అదే.

ఒలింపిక్స్‌లో మన జంట జపాన్ చేతిలో ఓడినా.. చైనీస్ తైపీని, సింగపూర్‌ను ఓడించింది. మూడు జంటలు రెండేసి విజయాలతో సమానంగా నిలిచాయి. చివరికి పాయింట్ల లెక్కలో కేవలం ఒక్క పాయింట్ తేడాతో మనవాళ్లు క్వార్టర్స్‌కు దూరమయ్యారు. ఒక్కటంటే ఒక్కటే పాయింట్! జపాన్, చైనీస్ తైపీ మ్యాచ్‌ను కూడా పరిశీలించాలని భారత్ ఫిర్యాదు చేసింది. కానీ దాన్ని తోసిపుచ్చారు.

మరి వేటు పడిన జంటల స్థానంలో ఎవరొచ్చారు? అవి గ్రూప్ ఏ, గ్రూప్ సీల జంటలు కాబట్టి.. ఆ గ్రూపుల్లో మూడు, నాలుగు స్థానాల్లో ఉన్న రష్యా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జంటలకు ఛాన్స్ దక్కింది. గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడిన కెనడా జంట సెమీస్‌దాకా వెళ్లింది. రష్యాకు చెందిన వలేరియా సొరోకినా, నీనా విస్లోవా ఏకంగా కాంస్యం పట్టుకెళ్లారు. గ్రూప్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచిన జ్వాల, అశ్విని మాత్రం ఇంటికొచ్చేశారు. రూల్స్ ప్రకారం తప్పు లేదు. కానీ మనసుకు మాత్రం కష్టంగానే ఉంటుంది.

ఇంకో విచిత్రం ఏంటంటే.. స్వర్ణం గెలిచింది తియాన్ చింగ్, జావో యున్‌లీ జంటే. అంటే చైనా స్వర్ణం ఎక్కడికీ పోలేదు! ఇక రజతం గెలిచింది ఎవరు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న జపాన్ జంట.. ఫుజి, కకివా. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో జపాన్‌కు అదే తొలి పతకం. ఏడాదిన్నర కిందట యూ యాంగ్ జంట తొలి గేమ్‌లో రెండే పాయింట్లు ఇచ్చిన ఆ ఇద్దరూ ఒలింపిక్ పోడియం ఎక్కితే.. యూ యాంగ్ మాత్రం అప్పటికే పోటీ నుంచి అవుట్.

సెలవన్నది.. కానీ తిరిగొచ్చింది

కోపంలో, బాధలో రాసిన ఆ వీడ్కోలు నిలబడలేదు. యూ యాంగ్ మళ్లీ రాకెట్ పట్టింది. 2013లో వాంగ్ జియావోలితో కలిసి ఆల్ ఇంగ్లండ్ గెలిచింది. అదే ఏడాది గ్వాంగ్జౌలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో కొరియా జంటపై మూడు గేముల్లో నెగ్గి మరోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. 2014లో మళ్లీ ఆల్ ఇంగ్లండ్ టైటిల్.. ఈసారి ఫైనల్లో చివరి గేమ్ 23-21 దాకా వెళ్లింది. అదే ఏడాది కోపెన్‌హాగన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం. ఫైనల్లో వాళ్లను ఓడించింది ఎవరో కాదు.. తియాన్ చింగ్, జావో యున్‌లీ! లండన్‌లో తప్పించుకోవాలనుకున్న జంటే.. చివరికి ప్రపంచ ఫైనల్లో ఎదురుపడింది.

అయితే వాంగ్ జియావోలికి ఒలింపిక్ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఆమె కెరీర్‌లో ఒలింపిక్ పతకమే లేదు. లండన్ నాటికి ఆమె వయసు 23 ఏళ్లు. ఆ ఒక్క రాత్రికి అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించింది బహుశా ఆమేనేమో.

రియోలో ఎదురొచ్చిన లండన్

2016 రియో ఒలింపిక్స్. యూ యాంగ్‌కు 30 ఏళ్లు. పక్కన కొత్త భాగస్వామి.. తనకంటే ఎనిమిదేళ్లు చిన్నదైన తాంగ్ యువాన్‌టింగ్. లండన్‌లో మహిళల డబుల్స్ ఆడిన చైనా జంటల్లో ఏదీ యథాతథంగా ఇక్కడికి రాలేదు. సీనియర్‌గా భారమంతా యూ యాంగ్ మీదే.

ఇక ఇక్కడి నుంచి జాగ్రత్తగా గమనించండి. క్వార్టర్ ఫైనల్లో ఆమె ప్రత్యర్థి ఎవరు? ఇండోనేషియాకు చెందిన గ్రేసియా పోలీ. లండన్‌లో అదే రాత్రి, అదే కారణంతో బయటకు వెళ్లిన 8 మందిలో ఒకరు. గ్రేసియా అప్పుడు నిత్య క్రిషిందా మహేశ్వరితో కలిసి ఆడుతోంది. యూ యాంగ్ జంట వరుస గేముల్లో గెలిచింది.

సెమీస్‌లో ఎవరు? డెన్మార్క్‌కు చెందిన రిట్టర్ యూల్, పెడర్సన్. లండన్‌లో తియాన్ చింగ్ జంటను ఓడించి ఈ మొత్తం కథకు తెలియకుండానే నిప్పు రాజేసిన జంట! మ్యాచ్ మూడు గేములు సాగింది. 21-16, 14-21, 21-19తో డెన్మార్క్ గెలిచింది. చివరి గేమ్‌లో రెండే పాయింట్ల తేడా. ఇక్కడ మాత్రం ప్రతి పాయింట్ కోసం పోరాడి ఓడిపోయింది యూ యాంగ్.

మిగిలింది కాంస్యం. ఆ మ్యాచ్‌లో నెట్‌కు అవతలివైపు నిలబడింది ఎవరో తెలుసా? జంగ్ క్యుంగ్ యున్! లండన్‌లో ఆ రాత్రి యూ యాంగ్‌కు ఎదురుగా నిలబడి, తను కూడా ఓడిపోవాలని ఆడిన కొరియా అమ్మాయి. నాలుగేళ్ల కిందట ఇద్దరూ గెలుపు వద్దన్నారు. ఇప్పుడు ఇద్దరికీ గెలుపే కావాలి. పక్కన షిన్ సియుంగ్ చాన్‌తో ఆడిన జంగ్ 21-8, 21-17తో గెలిచి కాంస్యం అందుకుంది. రియోలో కొరియా బ్యాడ్మింటన్‌కు దక్కిన ఏకైక పతకం అదే. యూ యాంగ్‌కు నాలుగో స్థానం. మన సింధు రజతం గెలిచిన ఆ ఒలింపిక్స్ నుంచి ఆమె ఖాళీ చేతులతో వెళ్లింది. ఆ తర్వాత అంతర్జాతీయ ఆటకు గుడ్‌బై చెప్పేసింది.

గ్రేసియా కథ మాత్రం ఇంకో ఐదేళ్లు సాగింది. ఆటను వదల్లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అప్రియాని రహాయుతో కలిసి ఫైనల్ చేరింది. చైనా జంట చెన్ చింగ్‌చెన్, జియా యీఫాన్‌పై 21-19, 21-15తో గెలిచింది. ఆగస్టు 2న స్వర్ణం.. మన సింధు టోక్యోలో కాంస్యం గెలిచిన మరుసటి రోజే. లండన్‌లో వేటు పడిన తొమ్మిదేళ్లకు, 8 మందిలో ఒకరి మెడలో ఒలింపిక్ స్వర్ణం పడింది.

రూల్ మారింది.. మరి మచ్చ?

లండన్ గొడవ తర్వాత ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య డబుల్స్ ఫార్మాట్‌లో మార్పు చేసింది. గ్రూప్ దశ ముగిశాక, రెండో స్థానంలో నిలిచిన జంటలకు మళ్లీ డ్రా తీస్తారు. అంటే.. రెండో స్థానంలో ఉంటే ఎవరు ఎదురవుతారో ముందే తెలియదు. కాబట్టి కావాలని ఓడినా లాభం ఉంటుందన్న గ్యారంటీ లేదు. రియోలో ఈ పద్ధతినే పాటించారు. చిన్న మార్పే.. కానీ అదే లండన్‌లో ఉండి ఉంటే, ఆ రాత్రి వెంబ్లీలో జనం మంచి మ్యాచ్ చూసి ఇంటికెళ్లేవారు.

అంటే ఒక రకంగా.. తప్పు ఆటగాళ్లలోనే కాదు, పద్ధతిలోనూ ఉందని మార్చినవాళ్లే ఒప్పుకున్నట్లే కదా? ఇది బ్యాడ్మింటన్‌కే పరిమితమైన సమస్య కూడా కాదు. ఏ ఆటలోనైనా గ్రూప్ దశ ఉండి, తర్వాత ఎవరితో ఆడాలో ముందే తెలిస్తే.. ఇలాంటి లెక్కలు వేసేవాళ్లు ఉంటూనే ఉంటారు. ఓడితే లాభం వచ్చే రూల్ పెట్టి, అందరూ నిజాయతీగా గెలవాలని ఆశించడం అత్యాశే.

అయితే టికెట్ కొనుక్కున్న ప్రేక్షకుడికి ఈ లెక్కలతో పని లేదు. అతను వచ్చింది ఆట చూడటానికి. అందుకే ఆ రాత్రి వెంబ్లీలో వినిపించిన అరుపుల్లో న్యాయం ఉంది. యూ యాంగ్‌కు పడిన శిక్షలోనూ న్యాయం ఉంది. కానీ ఆ శిక్ష ఎనిమిది మందితోనే ఆగిపోవడంలో మాత్రం న్యాయం తక్కువే.

ఒక ఒలింపిక్ స్వర్ణం, ఒక ఒలింపిక్ కాంస్యం, మూడు ప్రపంచ టైటిళ్లు, నాలుగు ఆల్ ఇంగ్లండ్ మహిళల డబుల్స్ టైటిళ్లు. ఇదీ యూ యాంగ్ లెక్క. ఇంటర్నెట్‌లో ఆమె పేరు కొడితే మాత్రం ముందు వచ్చేది ఆ వెంబ్లీ వీడియోనే. ఈసారి అది కనిపిస్తే, దాంతోపాటు రియో సెమీస్ కూడా ఒకసారి వెతికి చూడండి. చివరి గేమ్‌లో ఒక్కో పాయింట్ కోసం 30 ఏళ్ల యూ యాంగ్ ఎలా పరిగెత్తిందో కనిపిస్తుంది. అది కూడా ఓడిన మ్యాచే. కానీ రెండు ఓటములకూ ఎంత తేడా ఉందో మీకే అర్థమవుతుంది.